ముందు వరుసలో సైగల మామ

ఆ రోజుల్లో మాకు సిగ్గు తక్కువ, తీరిక ఎక్కువ. ఇప్పుడు ఈ రెండూ తారుమారయ్యాయి కాబట్టే కాలేజీ పిల్లలు నాటకాలు వేయడం లేదని నేను మా ఇంట్లో అప్పుడప్పుడు ఉపన్యాసం ఇస్తుంటాను. (వినేది మా ఆవిడ ఒక్కతే. ఆమె కూడా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటుంది.) నేను నాటకాలు వేశానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. నేను చెప్పేవాటిలో చాలావరకు నమ్మరనుకోండి, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కోరుట్లలో బర్రె తోక పట్టుకొని మూడు మైళ్ళు ఈదానని చెప్పింది నేనే. కాని ఈ సంగతి మాత్రం జరిగింది. సాక్ష్యానికి సిరిసిల్లలో మా మామ ఉన్నాడు. ఆయన ముందు అబద్ధం ఆడడం ఎంత కష్టమో చివరికి మీకే తెలుస్తుంది.

జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన ఎండాకాలం అది. మా సీనియర్ ఒకాయన హైదరాబాదుకు పోయి పది రోజులు నాటకాల శిక్షణ తీసుకున్నాడు. పోయేటప్పుడు మామూలుగానే పోయాడు. వచ్చేటప్పుడు మాత్రం గడ్డమూ, భుజానికి గుడ్డసంచీ తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు డైరెక్టరన్న. "ఎండకాలమంత ఖాళీగ తిరుగుడేంది? మూడు ఊర్లల్ల నాటకం ఏద్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. దీన్ని సీజన్ అంటరు" అన్నాడు. మాకు తెలిసిన సీజన్ మామిడికాయలది ఒక్కటే. అయినా సరేనన్నాం. బృందం పేరు మీద వారం రోజులు కొట్లాట నడిచింది. ఈలోపు బోర్డులు రాసే ఆయన పనిలేక దొరికితే, పేరుకు జాగ వదిలి మిగతాదంతా రాయించాం. ఆ జాగ చివరిదాకా నిండలేదు. మూడు ఊర్లలోనూ మా బ్యానర్ మీద ఎడమవైపు ఒక గజం ఉత్త తెల్లగుడ్డ, కుడివైపు "విద్యార్థి నాటక బృందం".

నాటకం డైరెక్టరన్నే రాశాడు. ఒక నిక్కచ్చి తండ్రి. పట్నంలో చదువుకుంటూ ఇంటికి అబద్ధాలు చెప్పే ఒక కొడుకు. చివరికి నిజం బయటపడుతుంది. తండ్రి చెయ్యెత్తి, "అబద్ధమాడిన నోటికి ఈ ఇంట్లో అన్నం లేదు" అని కొడుకును వెళ్ళగొడతాడు, తెర పడుతుంది. ఆ తండ్రిని నేను. తలకు పౌడరు పట్టించి నెరిసినట్టు చూపడానికి సరిపోయేంత జుట్టు నాకే ఉండేది. (ఇప్పుడు ఆ వేషానికి పౌడరు అక్కర్లేదు, జుట్టు కావాలి.) కొడుకు వేషం నా దోస్తు లంబూది. నాకన్నా జానెడు పొడుగు. నేను మెడ పైకెత్తి, "నా చేతుల మీద పెరిగినవాడివిరా నువ్వు" అంటుంటే జనం నవ్వేవారు. డైరెక్టరన్న మాత్రం, "నవ్వనియ్యుండ్రి, ఎనుక ఏడుస్తరు" అనేవాడు.

నా అసలు రోగం జ్ఞాపకం. పాఠాలే నిలవని బుర్రలో డైలాగులు ఎలా నిలుస్తాయి? జగిత్యాలలో మొదటి ప్రదర్శన రోజు రెండో సీను నడుమ నా తలలోంచి నాటకమంతా ఒక్కసారి దిగి వెళ్ళిపోయింది. మాకున్నది ఒకే మైకు. స్టేజీ నడుమ వైరుకు వేలాడుతూ ఉంటుంది. దాని కింద నిలబడితే గొంతు బజారు దాకా పోతుంది, రెండడుగులు పక్కకు జరిగితే ముందు వరుసకు కూడా అందదు. నాకు ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో గాని, కోపం పట్టలేనివాడిలా రెండడుగులు పక్కకు జరిగి, చేతులు ఊపుతూ ఉత్త పెదవులు కదిలించాను. జనం మైకాయన మీద పడ్డారు. "ఓ మైకాయనా, సప్పుడొస్తలేదు." "పెద్దమనిషి గంత బాధపడుతుంటే మైకు బందు పెడ్తవా?" పాపం, ఆయన వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టేలోపు నేను తెర పక్కకు పోయి, పుస్తకం పట్టుకొని నిలబడ్డ డైరెక్టరన్న దగ్గర వాక్యం అందుకొని, నింపాదిగా మైకు కిందికి వచ్చాను.

కోరుట్లకు వచ్చేసరికి ఇందులో నాకు చెయ్యి తిరిగింది. ఆ ప్రదర్శనలో మరిచిపోయిన చోటల్లా మైకుకు దూరంగా నిలబడి పదమూడో ఎక్కం చెప్పాను. పదమూడేళ్ళు తొంభై ఒకటి దగ్గర గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ముందు వరుసలో ఒక అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. డైరెక్టరన్న కూడా ఆ సాయంత్రం నా భుజం తట్టి, "మాట ఇనరాకున్నా మొఖం పలికిందిరా నీది. హైదరాబాదుల గిదే చెప్పిన్రు మాకు" అన్నాడు. నేను వినయంగా తల వంచాను. ఎక్కం సంగతి లంబూకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కోరుట్ల మా ఊరే. అమ్మ ఇంట్లో బీడీలు చేసేది. నాయన మగ్గం విడిచి మస్కట్ పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆయన ఉత్తరాలు రాసే మనిషి కాదు. మాటలు టేపులో నింపి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. నాటకం ముందు రోజే ఒకటి వచ్చింది. అమ్మా నేనూ టేపుకు అటూ ఇటూ కూర్చొని విన్నాం. "పోరడు పాసైతే సదువుకోనీ. ఫెయిలైతే మాత్రం ఇంక సాగదీసుడు వద్దు. మా కంపెనీల హెల్పర్ వీసా ఒకటున్నది, మాట్లాడి పెట్టిన. బామ్మర్దీ, జర నువ్వే చూసి చెప్పు. నువ్వేమంటే గదే." బామ్మర్ది అంటే అమ్మ తమ్ముడు, సిరిసిల్ల మామ. ఏ క్యాసెట్ అయినా ముందు మేము విని, తర్వాత ఆయనకు పంపాలి, జవాబు ఆయన నింపాలి. అది మా ఇంటి పద్ధతి.

నాటకమైన రెండో రోజు పేపర్లో రిజల్టు వచ్చింది. నా ముందు నంబరు ఉంది, నా వెనక నంబరు ఉంది, నేను లేను. కాలేజీకి పోయి కనుక్కుంటే ఇంగ్లీషు, ఎకనామిక్స్ రెండూ పోయాయి. ఇంటికొచ్చి అమ్మకు పాసైనా అని చెప్పాను. ఆమె సగం చుట్టిన బీడీ పక్కన పెట్టి, లేచి పోయి, బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. అంత చేదు బెల్లం నేను మళ్ళీ తినలేదు. మస్కట్ చెడ్డదని కాదు, మేము తినే అన్నం అక్కడిదే. కాని ఎనిమిదేళ్ళలో నాయనను నేను చూసింది మూడుసార్లు. మిగతా అంతా ఆయన మాకు ఒక క్యాసెట్. నేను కూడా పోయి అదే టేపులో ఇంకో గొంతునైపోతానని నాకు భయం. పైగా సప్లిమెంటరీ రాసి నెగ్గితే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అని ఆశ. ఇదంతా నిలబడాలంటే మామకు తెలియకూడదు. మా తరువాతి నాటకమేమో ఆయన వాకిట్లోనే.

మామను అందరూ సైగల మామ అనేవారు. సిరిసిల్లలో పవర్‌లూమును సాంచా అంటారు. ఆయనకు అలాంటివి నాలుగు. చిన్నప్పటి నుంచి సాంచాల నడుమే బతికి, చెవులు దాదాపు పోయాయి. చాలావరకు చేతులతోనే మాట్లాడేవాడు. గ్లాసు పట్టినట్టు వేళ్ళు వంచితే చాయ్. రెండు చూపుడువేళ్ళు ఒకచోట కలిపి చటుక్కున విడదీస్తే, పోగు తెగింది, సాంచా ఆపు అని. నేను చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం సెలవులకు అక్కడికే పోయేవాణ్ణి. ఆయన ఏదైనా పని చెబితే, ఎలాగూ వినబడదు కదా అని, ముఖంలో ముఖం పెట్టి నవ్వుతూ, "అట్లనే పోరా గుమ్మడికాయ" అనేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు. ఇంటికి క్యాసెట్ వస్తే అత్త ముందు తాను విని, ఆయన ఎదురుగా నిలబడి మాట మాట తిరిగి చెప్పేది. గొంతు పెంచకుండా చెప్పేది. అప్పుడైనా నాకు వెలగాల్సింది.

సిరిసిల్లలో నాటకానికి ముహూర్తం పెట్టేది కరెంటు. ఆ ఎండాకాలం నాలుగింటి నుంచి ఆరింటి దాకా కోత. మామ చేతులతో చెబుతుంటే అత్త డైరెక్టరన్నకు వివరించింది. "గా రెండు గంటల నడుమ ఏసుకోండ్రి బాబూ. సాంచాలు బందుంటయ్, మనిషి మాట మనిషికి ఇనవడ్తది. జనం గూడ ఖాళీగ ఉంటరు." డైరెక్టరన్న పొంగిపోయాడు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. కరెంటు లేదంటే మైకు లేదు. మైకు లేదంటే పక్కకు జరగడానికి జాగ లేదు.

నాలుగు దాటాక, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే మొదలుపెట్టాం. సాంచాల మీంచి దింపిన తెల్లగుడ్డే మాకు తెర. సాంచాలు నడిపే మగవాళ్ళు, నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు, నూరు మంది దాకా వాకిట్లో కింద కూర్చున్నారు. ముందు వరుస నడుమ, మెడలో తెల్ల తువ్వాలతో మామ. అంత నిశ్శబ్దంగా చూసే జనాన్ని నేను ఎక్కడా చూడలేదు. దగ్గు కూడా వినబడేది. డైరెక్టరన్న తెర వెనక నుంచి గుసగుసగా అందిస్తున్న ప్రతి మాటా నాకన్నా ముందు వాళ్ళకే చేరింది. "అన్నా, నువ్వే ముంగటికచ్చి చెప్పరాదూ" అని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు. మొదటి సీను అలా చెమటలు కక్కుతూ దాటించాను.

రెండో సీనే ఆఖరుది, దాని నడుమ నాకు వరం దొరికింది. ఆ ఎండాకాలమంతా ఒక్కరోజు వేళకు రాని కరెంటు, ఆ రోజు గంట ముందు వచ్చింది. పక్కింటి సాంచాలు మొదలయ్యాయి, తర్వాత వెనకింటివి, తర్వాత సందు మొత్తం. టకటక టకటక అని నేల అదురుతోంది. డైరెక్టరన్న అందించే మాట తెర దాటి రావడం లేదు. మైకు పెట్టే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, పెట్టినా ఆ చప్పుడులో దండగ. మామ దగ్గర పనిచేసేవాళ్ళు లేవబోతుంటే ఆయన అరచెయ్యి కిందికి చూపి కూర్చోబెట్టాడు. మన సాంచాలు నాటకమైనాకే అని. డైరెక్టరన్న తెర సందులోంచి చెయ్యి బయటపెట్టి, కానియ్యి కానియ్యి అని ఊపాడు. నేను కానిచ్చాను.

ఎవరికీ వినబడదన్న ధీమాతో, చేతులు చాపి, లంబూ వైపు తిరిగి మొదలుపెట్టాను. "అరే లంబూ, బతికినం పో. ఒక్క డైలాగు యాదికి లేదురా నాకు." ముందు వరుసలు గొల్లుమన్నాయి. నా చేతులు బాగా కదులుతున్నాయనుకొని హుషారు పెరిగింది. "గా తెల్ల తువ్వాల చూసినవా, మా మామ. గుమ్మడికాయ తీర్గ ఎట్ల కూసున్నడో చూడు." జనం నవ్వుతూ మామ వైపు తిరిగారు. మామ తువ్వాల సర్దుకున్నాడు. నాకు అప్పటికీ అనుమానం రాలేదు. (గొప్ప నటుడికి జనం ఎందుకు నవ్వుతున్నారో పట్టదు.) సీనులో తండ్రి దుఃఖపడే ఘట్టం వచ్చింది. చెప్పడానికి ఏమీ లేక, లోపల ఉన్నదే బయటికొచ్చింది. "రెండు సబ్జెక్టులు పోయినయ్‌రా నాయి. అమ్మకు పాసైన అని చెప్పిన. బెల్లం పెట్టిందిరా. మామకు తెలిస్తే మస్కటే ఇంక. నాకు పోబుద్ధయితలేదురా. నాయన లెక్క నేను గూడ గా టేపుల పడుత." ఈసారి ఎవరూ నవ్వలేదు. కండెలు చుట్టే ఒక పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నాకు నిజంగానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలోంచి కూడా, ఏం పండిస్తున్నానురా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అప్పుడు మామ చేతులు లేచాయి. రెండు చూపుడువేళ్ళు కలిపాడు, చటుక్కున విడదీశాడు. పోగు తెగింది, ఆపు.

నేను ఆగిపోయాను. సాంచాల చప్పుడులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకునే నూరు మంది ముందు నేను పెదవులు కదిలించాను. మగ్గం ఇంట్లో పుట్టి, ప్రతి సెలవులకూ అక్కడికి వచ్చిపోయే నాకే ఆ సంగతి తోచలేదు. మామ వైపు చూసి, గొంతు లేకుండా అడిగాను. "మామా, అంత తెలిసిందా?" ఆయన కూడా గొంతు లేకుండానే అన్నాడు. "ఎక్కం ఒక్కటి చెప్పలే. కోరుట్లల చెప్పినవట గద." లంబూ నేల చూపులు చూశాడు.

ఇక మిగిలింది ఆఖరు వాక్యం. చిత్రంగా అదొక్కటే నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. చెయ్యెత్తాను. అబద్ధమాడిన నోటికి ఈ ఇంట్లో అన్నం లేదు, అనాలి. నూరు మంది నా నోటి వైపే చూస్తున్నారు. మామ కూడా చూస్తున్నాడు. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక లంబూ భుజం మీద వేశాను, అది కూడా సరిగా అందలేదు. "పోయింది పోయిందిరా. మల్ల రాయి. అన్నం తిని పో" అన్నాను. ఆ చప్పుడులో చప్పట్లు ఎవరికి వినబడతాయి? వాళ్ళు భుజాల మీది తువ్వాలలు తీసి పైకెత్తి ఊపారు. నా జీవితంలో నాకు దక్కిన సన్మానం అదే.

తెర వెనక డైరెక్టరన్న నా చొక్కా పట్టుకున్నాడు. "నా క్లైమాక్సేదిరా? ఎల్లగొట్టమని రాస్తే అన్నం పెట్టి తోలిస్తివి." "ఎల్లగొట్టబుద్ధి కాలేదన్నా" అన్నాను. అందులో నటన లేదు కాబట్టి ఆయన చొక్కా వదిలేశాడు.

సామాను సర్దాక మామ నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, గ్లాసు పట్టినట్టు వేళ్ళు వంచి అత్త వైపు చూపాడు. చాయ్ వచ్చింది. నేను తాగలేదు. "ఎప్పటి సంది తెలుస్తది మామా నీకు?" అని అడిగాను. "నువ్వు ఐదో తరగతిల నన్ను గుమ్మడికాయ అన్నప్పటి సంది" అన్నాడు. పొయ్యి దగ్గర నుంచి అత్త అందుకుంది. "గుమ్మడికాయ ఒక్కటేనా? ఒక ఎండకాలమంత దున్నపోతు అన్నవు." "మరి అప్పుడే కొట్టకపోయినవా?" అన్నాను. "సెలవులకు అచ్చిన పోరనివి. కొడితే మల్ల రాకపోదువు" అన్నాడు మామ, అదేదో మామూలు సంగతి అయినట్టు.

తర్వాత టేపు తెచ్చి నా ముందు పెట్టి, కొత్త క్యాసెట్ వేశాడు. "మొదలు నువ్వు చెప్పు. మీ నాయనకు నీ పెదవులు కనవడయ్ అల్లుడా, గట్టిగ చెప్పు." నేను ఆ ఎండాకాలంలో మొదటిసారి మైకు దగ్గరికి నా అంతట నేనే జరిగాను. రెండు సబ్జెక్టులు పోయాయని, అబద్ధమాడానని, మస్కట్ రానని, మళ్ళీ రాస్తానని చెప్పాను. నాలుగు వాక్యాలు. ఎవరూ అందించలేదు, ఒక్కటీ మరిచిపోలేదు. మామ నా నోరు చూస్తూ చివరిదాకా ఉండి, తాను వంగి, వినబడని మనిషి అరిచినట్టే అరిచి చెప్పాడు. "బావా, గా వీసా ఇంకెవలకన్న ఇయ్యి. వీన్ని నేను చూసుకుంట."

చూసుకోవడం అంటే ఏమిటో తరువాత తెలిసింది. సప్లిమెంటరీ దాకా నన్ను సాంచాల నడుమ స్టూలు మీద కూర్చోబెట్టి, పుస్తకం పైకి చదవమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా నేను చదవకుండా ఉత్త పెదవులు కదిలించి రెండు పేజీలు ఒకేసారి తిప్పితే వేళ్ళు విడదీసేవాడు. పోగు తెగింది. "నీకెట్ల తెలుస్తది మామా?" అంటే, "నిజంగ చదివేటప్పుడు నీ నోరు తడబడ్తది. ఇప్పుడు సాఫ్‌గ పోతున్నది" అనేవాడు. రెండు సబ్జెక్టులూ పాసయ్యాను. (ఫస్టు క్లాసు అని మా ఆఫీసులో చెప్పాను. దాన్ని మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు.) అమ్మకు మాత్రం అంతకుముందే, నాటకమైన మర్నాడు కోరుట్లకు పోయి నేనే చెప్పుకున్నాను. ఆమె బీడీ చుట్టడం ఆపలేదు. "పాసైనోడు నా మొఖం చూస్తలేడేందని నేనూ అనుకున్న" అన్నది. మా అమ్మ వైపు వాళ్ళెవరికీ చెవులతో పని లేదని అప్పుడు రూఢి అయింది.

మా సీజన్ ఆ సిరిసిల్ల వాకిట్లోనే ముగిసింది. బ్యానర్‌లో పేరు లేని గజం గుడ్డను డైరెక్టరన్న కత్తిరించుకొని సంచీ కుట్టించుకున్నాడని లంబూ అంటాడు. ఇది నేను కల్పించింది కాదు, లంబూ కల్పించి ఉండవచ్చు.

మామకు ఇప్పుడు అసలే వినబడదు. సాంచాలు రెండే మిగిలాయి. ఆదివారం పొద్దున నాకు వీడియో కాల్ చేస్తాడు. నేను గొంతు తీయకుండా పెదవులతోనే మాట్లాడతాను. చెవిటి మామకు ఫోనులో ఉత్త నోరు కదిలించే మొగుణ్ణి చూసి మా ఆవిడ మొదట్లో భయపడింది, తర్వాత అలవాటు పడింది. మొన్న ఆదివారం కూడా చేశాడు. పక్కన అత్త తువ్వాల మడతపెడుతోంది. ఆరోగ్యం సంగతి వచ్చింది. డాక్టరు నన్ను రోజూ పొద్దున గంటసేపు నడవమన్నాడని ఆయనకు తెలుసు. "నడుస్తున్నవా?" అన్నాడు. "రోజూ నడుస్తున్న మామా. పొద్దుగాల ఐదింటికే లేస్త" అన్నాను. ఎక్కడా తడబడలేదు, సాఫ్‌గా చెప్పాను. స్క్రీన్ మీద వణుకుతున్న రెండు చూపుడువేళ్ళు మెల్లగా ఒకచోట కలిశాయి. విడిపోయాయి.

నేను ఫోను పెట్టేసి, చెప్పులు ఎక్కడున్నాయని మా ఆవిడను అడిగాను.